నైట్ డ్యూటీల మధ్య ఆధారాల చదువు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. పైవాళ్లు చెప్పారనో, ప్రమోషన్‌కి కావాలనో, తమంతట తమకే నేర్చుకోవాలనిపించో ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్ (పరిశోధనల్లో దొరికిన ఆధారాలు చూసి పనిచేసే పద్ధతి) కోర్సును ఆన్‌లైన్‌లో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయినవాళ్లు రాశారు. వాళ్లలో నర్సులున్నారు, ఫిజియోథెరపిస్టులున్నారు, సోషల్ వర్కర్లున్నారు. నేనూ ఈ చదువును డ్యూటీలు చేసుకుంటూనే ఆన్‌లైన్‌లో చదివాను, ఇప్పుడు అదే పాఠం చెబుతున్నాను. అందుకే ఈ సంచిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను 12 ఏళ్లుగా స్టాఫ్ నర్సుని. మా ఆసుపత్రిలో అందరినీ ఈ కోర్సు చేయమన్నారు. నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చి వీడియో పెట్టుకుంటే పది నిమిషాలకే కళ్లు మూతలు పడుతున్నాయి. మూడు మాడ్యూళ్లు పూర్తిచేశాను, క్విజ్‌లు కూడా పాసయ్యాను, కానీ ఏం నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే చెప్పలేను. అసలు మా పనికి ఇది నిజంగా అవసరమా? (ఒక స్టాఫ్ నర్సు)

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. నైట్ డ్యూటీ దిగిన గంటలో చదవకండి. ఆ గంట నిద్రకివ్వాల్సింది, దాన్ని దొంగిలించి చదివింది ఎలాగూ నిలవదు. వారంలో మీకు సెలవున్న రోజు ఒక గంట, డ్యూటీ రోజుల్లో ఎక్కడైనా పావుగంట దొరికితే చాలు, ఈ చదువుకి అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

కానీ తలకెక్కకపోవడానికి అలసట ఒక్కటే కారణమని నేననుకోను. మీరు అడగని ప్రశ్నలకు ఆ వీడియోలు జవాబులు చెబుతున్నాయి, అందుకే ఒక చెవిన పడి ఇంకో చెవిన పోతున్నాయి. మీ వార్డులో రోజూ చేసే పనుల్లోంచి ఒక్కటి తీసుకోండి. ఉదాహరణకి, మందులు, సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం, క్యాన్యులా. బాగానే ఉన్న క్యాన్యులాని కూడా మూడు నాలుగు రోజులు కాగానే తీసేసి, ఇంకో చోట కొత్తది గుచ్చడం చాలా చోట్ల రూలు. సన్నటి నరాలున్న ముసలామెకి రెండుసార్లు, మూడుసార్లు గుచ్చాల్సి వచ్చినప్పుడు ఆమె ముఖం చూసి "బాగున్నదాన్ని ఎందుకు మార్చడం?" అని మీకు ఒక్కసారైనా అనిపించే ఉంటుంది. ఆ అనిపించడమే ఈ చదువుకి మొదటి మెట్టు.

ఇప్పుడు దాన్ని వెతకడానికి వీలైన ప్రశ్నగా మార్చాలి. ఎవరికి? చేతికి క్యాన్యులా ఉన్న పెద్దవాళ్లకి. ఏం చేస్తే? వాపో నొప్పో కనిపించినప్పుడే మారిస్తే. దేనితో పోలిస్తే? లెక్కప్రకారం మూడు నాలుగు రోజులకోసారి మార్చడంతో. ఏం తేడా వస్తుంది? నరం వాచడం, ఇన్‌ఫెక్షన్ రావడం. కోర్సులో దీన్ని పికో అని చెప్పి ఉంటారు, ఆ పేరు మరిచిపోయినా పర్వాలేదు, ఈ నాలుగు ముక్కలూ అడగడం అలవాటైతే చాలు.

ఈ ప్రశ్నతో వెతికితే 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక ఆస్ట్రేలియా ట్రయల్ దొరుకుతుంది. నడిపించింది నర్సు పరిశోధకులే అని గర్వంగా చెబుతున్నాను. 3,283 మంది పేషెంట్లని చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి లెక్కప్రకారం, ఇంకో గుంపుకి అవసరమైనప్పుడే క్యాన్యులా మార్చారు. నరం వాచినవాళ్లు రెండు గుంపుల్లోనూ 7 శాతమే. అంటే లెక్కప్రకారం మళ్లీ మళ్లీ గుచ్చడం వల్ల వాపేమీ తగ్గలేదు. తర్వాత ఇలాంటి ట్రయల్స్ అన్నింటినీ కలిపి చూసిన కాక్రేన్ (ఇలాంటి రివ్యూలు చేసే సంస్థ) రివ్యూలోనూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఇక్కడే ఆగిపోతే చదువు సగమే. 2021లో జెనీవా ఆసుపత్రుల నుంచి ఇంకో పరిశోధన వచ్చింది. అక్కడ "అవసరమైనప్పుడే మార్చండి" అనే పద్ధతికి మారాక రక్తంలో ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి, పాత పద్ధతికి వెళ్లాక తగ్గాయి. అది చీటీలు వేసి చేసిన ట్రయల్ కాదు, ఆసుపత్రి రికార్డులు చూసి చేసింది. కానీ నాలుగు లక్షలకు పైగా క్యాన్యులాల లెక్క అది, అరుదుగా జరిగే కీడు ట్రయల్‌లో కనబడకుండా ఇంత పెద్ద లెక్కలోనే బయటపడొచ్చు. మరి ఏది నమ్మాలి? రెండూ చదివితే నాకు అర్థమైంది ఇది: "అవసరమైనప్పుడు" అనే మాట నిలబడాలంటే ప్రతి షిఫ్టులోనూ ఎవరో ఒకరు ఆ చోటుని నిజంగా చూడాలి, వాడకం లేని క్యాన్యులాని అప్పటికప్పుడు తీసేయాలి. ఒక్కో నర్సు మీద పాతికమంది పేషెంట్లున్న వార్డులో ఆ చూడటం జరగకపోతే, అదే పద్ధతి కీడు చేయొచ్చు. ఈ ముక్క మీకు ఏ ట్రయలూ చెప్పదు, మీ వార్డు సంగతి తెలిసిన మీరే చెప్పగలరు.

మీకు ఇది అవసరమా అన్నారు చూడండి, దానికి నా జవాబు ఇదే. 1996లో డేవిడ్ సాకెట్ అనే డాక్టర్, ఆయన తోటివాళ్లు ఈ పద్ధతికి అర్థం చెబుతూ దొరికిన వాటిలో మేలైన పరిశోధన, పనిచేసేవాళ్ల అనుభవం, పేషెంటు కోరుకునేది కలవాలన్నారు. మీ 12 ఏళ్ల అనుభవాన్ని పక్కన పెట్టమని ఎవరూ అనలేదు. అది లేకపోతే ఈ ముక్కాలిపీటకి ఒక కాలు లేనట్టే.

కాబట్టి నాలుగో మాడ్యూల్ తెరిచే ముందు ఒక చిన్న నోట్‌బుక్ జేబులో పెట్టుకుని వారం రోజులు డ్యూటీ చేయండి. "ఇది ఎందుకు చేస్తున్నాం?" అనిపించిన ప్రతిసారీ ఒక్క లైను రాయండి. వారం చివర అందులోంచి ఒక్కటి ఎంచుకుని, మిగతా కోర్సంతా ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని చదవండి. వెతకడం గురించి పాఠం వస్తే దాన్నే వెతకండి, పరిశోధనని తూచి చూడటం గురించి వస్తే మీకు దొరికిన పేపర్‌నే తూచండి. అడగడం, వెతకడం, తూచడం, వాడటం, వాడాక ఏమైందో వెనక్కి తిరిగి చూసుకోవడం, ఈ అయిదు పనులూ ఒక్క ప్రశ్న మీద ఒక్కసారి చివరిదాకా చేసినవాళ్లకి వచ్చినంత, ఇరవై వీడియోలు చూసినవాళ్లకి రాదు. నా విద్యార్థుల్లో ఏళ్లుగా ఇదే చూస్తున్నాను.

ప్రశ్న: అక్కా, నేను పిల్లలు, కుటుంబాలతో పనిచేసే సోషల్ వర్కర్‌ని. ఈ కోర్సులో ఉదాహరణలన్నీ మందులు, ఆపరేషన్లే. మా దగ్గరికి వచ్చేవాళ్ల జీవితాలని ట్రయల్‌లో పెట్టి కొలవగలమా? మేం చేసేది మనసుపెట్టి చేసే పని. దానికి కూడా రుజువులు అడగడం నాకు కొంచెం బాధగా ఉంది. (ఒక సోషల్ వర్కర్)

జవాబు: తమ్ముడూ, నీ బాధ నాకు అర్థమైంది. దానికి జవాబుగా నీ రంగంలోనే జరిగిన ఒక కథ చెబుతాను, నేను దీన్ని మొదటిసారి చదివినప్పుడు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ అనే రెండు ఊళ్లలో 1939లో ఒక కార్యక్రమం మొదలైంది. దారి తప్పే ప్రమాదం ఉన్న మగపిల్లల్ని కాపాడాలన్నది రిచర్డ్ కాబట్ అనే డాక్టర్ ఆలోచన. 506 మంది పిల్లల్ని ఇద్దరిద్దరు ఒకేలా ఉన్నవాళ్లని జతలుగా చేసి, జతలో ఒకరిని నాణెం ఎగరేసినట్టు ఎంచి కార్యక్రమంలో పెట్టారు, రెండోవాళ్లని వాళ్ల మానాన వదిలేశారు. కార్యక్రమంలో ఉన్న పిల్లల ఇళ్లకి కౌన్సెలర్లు వెళ్లేవాళ్లు, చదువులో సాయం చేసేవాళ్లు, వైద్యం చేయించేవాళ్లు, వేసవి శిబిరాలకి పంపేవాళ్లు. సగటున అయిదేళ్లపాటు, నువ్వన్నట్టు మనసుపెట్టి చేశారు.

30 ఏళ్ల తర్వాత జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు ఆ పిల్లల్లో దాదాపు అందరినీ, అప్పటికి నడివయసు వచ్చినవాళ్లని, ఓపిగ్గా వెతికి పట్టుకున్నారు. సాయం పొందినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది "ఆ కార్యక్రమం నాకు మేలు చేసింది" అన్నారు. కానీ కోర్టు రికార్డులు, ఆసుపత్రి రికార్డులు, మరణాల రికార్డులు తీసి జతలో రెండోవాళ్లతో పోలిస్తే, ఒకసారి నేరం చేశాక మళ్లీ చేయడం, తాగుడు లక్షణాలు, త్వరగా చనిపోవడం సాయం పొందినవాళ్లలోనే ఎక్కువ. ఏ సాయమూ అందనివాళ్లు వాళ్లకన్నా బాగున్నారు. 1978లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

ఆ కౌన్సెలర్లు చెడ్డవాళ్లు కాదు. వాళ్ల ప్రేమ అబద్ధం కాదు. సాయం పొందినవాళ్ల కృతజ్ఞత కూడా నిజమే. కానీ పోల్చి చూడటానికి ఆ రెండో గుంపు లేకపోయి ఉంటే, ఇప్పటికీ మనం దాన్ని గొప్ప విజయంగా చెప్పుకుంటూ మిగతా ఊళ్లలోనూ అదే చేస్తుండేవాళ్లం. పోలిక ఎందుకు అడుగుతారో దీనికన్నా బాగా చెప్పే పాఠం నాకు తెలియదు.

ఇంకోటి కూడా చూడు. ప్రమాదం జరిగిన వెంటనే బాధితుల్ని కూర్చోబెట్టి ఏం జరిగిందో మొత్తం ఒక్క సిట్టింగ్‌లో చెప్పించడం ఒకప్పుడు చాలా చోట్ల మామూలు, డీబ్రీఫింగ్ అనేవాళ్లు. చెప్పుకుంటే గుండె తేలికవుతుంది కదా అని అందరికీ అనిపిస్తుంది. కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరినవాళ్ల మీద 1997లో వచ్చిన ట్రయల్‌లో 13 నెలల తర్వాత చూస్తే, డీబ్రీఫింగ్ చేసినవాళ్లలో 26 శాతం మందికి, చేయనివాళ్లలో 9 శాతం మందికి ఆ ఘటన తాలూకు మానసిక జబ్బు, అంటే పీటీఎస్‌డీ, ఉంది. తర్వాత ఇలాంటి ట్రయల్స్‌ని కలిపి చూసిన రివ్యూ కూడా ఈ ఒక్క సిట్టింగ్ పద్ధతి పీటీఎస్‌డీని ఆపదనే తేల్చింది. అలాగే పిల్లల్ని జైలుకి తీసుకెళ్లి ఖైదీలతో భయపెట్టించే కార్యక్రమాలు: వాటిమీద ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే, అలా వెళ్లొచ్చిన పిల్లల్లోనే నేరాలు ఎక్కువని తేలింది.

మీ రంగం కోసమే 2000లో క్యాంప్‌బెల్ కొలాబరేషన్ అనే సంస్థ మొదలైంది. చదువు, నేరాలు, కుటుంబ సంక్షేమం లాంటి వాటి మీద రివ్యూలు అక్కడ ఉచితంగా చదువుకోవచ్చు. మీ కోర్సులో ఉదాహరణలు బాలేకపోతే అక్కడినుంచి ఒకటి తెచ్చుకుని దానిమీదే అసైన్‌మెంట్ రాస్తానని కోర్సు ట్యూటర్‌ని అడుగు, చాలామంది ఒప్పుకుంటారు.

ఒక్క విషయంలో నువ్వన్నది ముమ్మాటికీ నిజం. అన్నీ ట్రయల్‌తో తేలవు. పిల్లాడిని ఇంటినుంచి వేరుచేసినప్పుడు ఆ తల్లి లోపల ఏం జరుగుతుందో, ఆమె మళ్లీ మన ఆఫీసు గడప ఎందుకు తొక్కలేకపోతోందో అంకెలు చెప్పవు. దానికి కూర్చుని మాట్లాడి, విని, రాసుకున్న పరిశోధనలు వేరే ఉన్నాయి, వాటిని క్వాలిటేటివ్ పరిశోధనలు అంటారు, వాటినీ తూచే పద్ధతులున్నాయి. "ఇది పనిచేస్తుందా?" అనే ప్రశ్నకి ట్రయల్, "వాళ్లకి ఇది ఎలా ఉంది?" అనే ప్రశ్నకి ఆ మాటలు. ప్రశ్నని బట్టి ఆధారం.

ప్రశ్న: నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. పరిశోధనా పేపర్ తెరిస్తే మొదటి పేరా దాటలేకపోతున్నాను. నాలాంటివాళ్లు ఈ కోర్సు చేయగలరా? (ఒక హెల్త్ వర్కర్)

జవాబు: చేయగలరు. మొదటి పేరానుంచి చదవడమే పొరపాటు, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లూ అలా చదవరు. ముందు పేరు, తర్వాత సారాంశంలో చివరి రెండు లైన్లు, ఆ తర్వాత ఎవరి మీద చేశారో చెప్పే భాగం. "వీళ్లు నా దగ్గరికి వచ్చేవాళ్ల లాంటివాళ్లేనా?" అన్న ప్రశ్నకి జవాబు "కాదు" అని తేలితే ఆ పేపర్ అక్కడే మూసేయొచ్చు.

కాక్రేన్ రివ్యూలకి మామూలు మాటల్లో రాసిన చిన్న సారాంశాలు ఉంటాయి, అవి ఉచితం, వైద్యం చదవనివాళ్ల కోసం రాసినవి, ఇంగ్లీషులోనే కాక ఇంకా చాలా భాషల్లోనూ దొరుకుతాయి. మొదటి నెల అవి మాత్రమే చదవండి. పేపర్లలో మళ్లీ మళ్లీ వచ్చే మాటలు మహా అయితే యాభై ఉంటాయి, వాటిని నోట్‌బుక్‌లో తెలుగు అర్థంతో రాసుకుంటూ పొండి. నాలుగైదు పేపర్లు అయ్యేసరికి అవే మాటలు ఎదురవుతుంటాయి, భయం దానంతటదే పోతుంది.

ప్రశ్న: నేను ఫిజియోథెరపిస్టుని. అంకెల దగ్గరికి వచ్చేసరికి నాకు టెన్షన్. పీ వాల్యూ తక్కువుంటే మంచిదని ఒక్క ముక్క పట్టుకుని నెట్టుకొస్తున్నాను. అది చాలదా? (ఒక ఫిజియోథెరపిస్టు)

జవాబు: చాలదండీ, ఆ ఒక్క ముక్కే ఎక్కువమందిని దారి తప్పించేది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. కొత్త వ్యాయామంతో పెద్దవాళ్లు జారిపడటం "సగానికి సగం తగ్గింది" అని పేపర్ అంటుంది. సగం అంటే ఎంతో అనిపిస్తుంది. లోపలికి వెళ్లి చూస్తే, మామూలుగా ఉన్న 100 మందిలో నలుగురు పడ్డారు, వ్యాయామం చేసిన 100 మందిలో ఇద్దరు పడ్డారు. నిజమే, సగమే. కానీ 100 మంది చేస్తే ఇద్దరికి మేలు, అంటే ఒక్కరిని పడకుండా కాపాడాలంటే 50 మందితో ఆ వ్యాయామం చేయించాలి. అది తేలికైన, ఖర్చులేని వ్యాయామమైతే సంతోషంగా చేయించొచ్చు. రోజుకో గంట పట్టేది, మోకాళ్లు నొప్పెట్టేది అయితే ఆలోచించాలి. "సగం" అనే మాట విన్నప్పుడల్లా "ఎంతలో సగం?" అని అడగడం ఒక్కటి నేర్చుకుంటే అంకెల పాఠంలో పెద్ద భాగం వచ్చేసినట్టే.

ఇక పీ వాల్యూ. అసలు ఏ తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం ఎంతో అది చెబుతుంది, అంతే. ఆ తేడా పేషెంటుకి పనికొచ్చేంత పెద్దదా అన్నది దానికి తెలియదు. పదికి కొలిచే నొప్పి స్కేలు మీద 0.4 తగ్గిందనుకోండి, వేలమంది మీద చేస్తే పీ వాల్యూ చక్కగా తక్కువే వస్తుంది, కానీ మెట్లెక్కే పేషెంటుకి ఆ 0.4 తెలుస్తుందా? అందుకే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ చూడండి. అసలు ఫలితం ఎంత తక్కువ కావచ్చు, ఎంత ఎక్కువ కావచ్చు అనే రెండు కొసలూ అందులో ఉంటాయి. తక్కువ కొస కూడా పేషెంటుకి పనికొచ్చేంత ఉంటే ధైర్యంగా వాడొచ్చు. ఒక కొస మేలు వైపు, ఇంకో కొస కీడు వైపు ఉంటే ఇంకా తేలలేదని అర్థం. "ఇంకా తేలలేదు" వేరు, "పనిచేయదని తేలింది" వేరు, ఈ రెండింటినీ కలిపేయడం పేపర్లు రాసేవాళ్లలోనూ చూస్తుంటాను.

మీ వృత్తివాళ్లకి ఒక గొప్ప వరం ఉంది. పెడ్రో అనే డేటాబేస్ 1999 నుంచి ఉచితంగా నడుస్తోంది, ఆస్ట్రేలియాలోని ఫిజియోథెరపిస్టులు పెట్టింది. అందులో ట్రయల్స్‌కి ఎంత జాగ్రత్తగా చేశారో చూసి పదికి మార్కులేసి ఉంచుతారు. మీరు ఒక ట్రయల్‌ని సొంతంగా చదివి మార్కులేసి, తర్వాత వాళ్లేసిన మార్కులతో పోల్చి చూసుకోండి. తేడా వచ్చిన చోటే మీకు పాఠం. పది ట్రయల్స్ ఇలా చేస్తే, టీచర్ పక్కన కూర్చుని దిద్దినట్టే ఉంటుంది.

ప్రశ్న: పేపర్లు తెరవబోతే డబ్బు కట్టమంటున్నారు. ఏఐ టూల్‌ని అడిగితే వెంటనే జవాబు, పేపర్ల పేర్లతో సహా ఇస్తోంది. దానితో సరిపెట్టుకోవచ్చా? (ఒక నర్సింగ్ విద్యార్థిని)

జవాబు: వద్దమ్మా, దానితో సరిపెట్టుకోవద్దు. ఆ టూల్స్ అసలు లేని పేపర్ల పేర్లని కూడా నిజమైనవాటిలాగే రాసిస్తాయి. ఏ పేరు ఇచ్చినా పబ్‌మెడ్‌లో (వైద్య పేపర్లు వెతికే ఉచిత వెబ్‌సైటు) వెతికి, ఉందో లేదో చూసి, ఉంటే దాని సారాంశం నువ్వే చదివాకే వాడు. ఏ మాటలతో వెతకాలో తట్టనప్పుడు దాన్ని అడుగు, వాక్యం అర్థం కానప్పుడు అడుగు, తీర్పు మాత్రం దానికి అప్పగించకు.

డబ్బు కట్టకుండా చదవడానికి దారులున్నాయి. పబ్‌మెడ్ సెంట్రల్‌లో పూర్తి పేపర్లు ఉచితం. అక్కడ లేకపోతే మీ కాలేజీ లైబ్రేరియన్‌ని అడుగు, చాలామంది విద్యార్థులు ఆ తలుపే తట్టరు. ఆదాయం తక్కువున్న దేశాల్లోని సంస్థల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి హినారి అనే ఏర్పాటు నడుపుతోంది, మీ సంస్థకి అర్హత ఉందేమో లైబ్రేరియన్‌కి తెలుస్తుంది. ఏదీ కుదరకపోతే పేపర్ రాసినవాళ్లకే మెయిల్ రాయి, చిరునామా చాలాసార్లు సారాంశం దగ్గరే ఉంటుంది. తమ పేపర్ ఒక విద్యార్థిని చదవాలనుకుంటోందంటే సంతోషంగా పంపేవాళ్లు చాలామంది.

ప్రశ్న: ఏ కోర్సు సర్టిఫికెట్‌కి విలువ ఎక్కువ? (చాలామంది)

జవాబు: మీ రిజిస్ట్రేషన్ కౌన్సిల్‌కి ఏది చెల్లుతుందో ఫీజు కట్టేముందు వాళ్లనే అడగండి, కోర్సు అమ్మేవాళ్లని కాదు. నేర్చుకోవడం కోసమైతే నేను చూసేవి మూడు: మీ అసైన్‌మెంట్‌ని మనిషి చదివి దిద్దుతారా, మీ సొంత ప్రశ్న మీద పనిచేయనిస్తారా, తోటివాళ్లతో కలిసి పేపర్ చదివే ఏర్పాటు ఉందా. ఈ మూడూ లేని ఖరీదైన కోర్సు కన్నా, ఉచిత పాఠాలు పెట్టుకుని నలుగురు కలిసి నెలకోసారి ఫోన్‌లోనైనా జర్నల్ క్లబ్ నడుపుకోవడం ఎన్నో రెట్లు మేలు. పేపర్‌ని తూచడానికి కాస్ప్ అనే ప్రశ్నపత్రాలు ఉచితంగా దొరుకుతాయి, ట్రయల్‌కి ఒకటి, రివ్యూకి ఒకటి, క్వాలిటేటివ్ పరిశోధనకి ఒకటి. అది ముందు పెట్టుకుంటే ఎవరూ లేకపోయినా మొదలుపెట్టొచ్చు.

ప్రశ్న: మేడమ్, నేను చేరి ఏడాదే అయింది. కోర్సులో చదివిన ఒక పేపర్ ప్రింట్ తీసి మా ఇన్‌చార్జి సిస్టర్‌కి చూపించి, మనం చేస్తున్నది తప్పని చెప్పాను. "నువ్వు పుట్టకముందు నుంచి ఇలాగే చేస్తున్నాం" అని అందరి ముందూ తిట్టారు. అప్పట్నుంచి చదవాలన్న ఇష్టమే పోయింది. (ఒక జూనియర్ నర్సు)

జవాబు: అమ్మా, నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎందుకంటే ఆ ఇన్‌చార్జి స్థానంలో నేను కూడా నిలబడ్డాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, మంచం పట్టిన పేషెంట్లకి నడుము కింద, మడమల దగ్గర ఎర్రబడిన చోట గట్టిగా రుద్దేవాళ్లం. రక్తం బాగా పారుతుంది, పుండు పడదు అని నాకు నేర్పారు, నేను ఎంతోమందికి నేర్పాను. తర్వాతి కాలంలో, ఎర్రబడిందంటే లోపల కణజాలం అప్పటికే దెబ్బతిని ఉండొచ్చని, రుద్దితే ఇంకా చెడుతుందని, అలా రుద్దొద్దని మార్గదర్శకాలు వచ్చేశాయి. ఒక జూనియర్ వచ్చి అది చెప్పినప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ కోపం వెనక ఉన్నది భయమని తర్వాత తెలిసింది. ఈ అమ్మాయి చెప్పింది నిజమైతే, ఇన్నేళ్లు నా చేతులతో నేను చేసిందేమిటి? ఆ ప్రశ్నని ఎదుర్కోవడం ఏ సీనియర్‌కైనా కష్టమే. మీ సిస్టర్ మాటల వెనకా ఇదే ఉండొచ్చు.

ఇది మనలాంటివాళ్లకే జరిగేది కాదు. ప్రపంచమంతా నమ్మిన పిల్లల డాక్టర్ బెంజమిన్ స్పాక్, పసిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టమని 1956 నుంచి తన పుస్తకంలో రాశారు. వెల్లకిలా పడుకుంటే వాంతి గొంతుకి అడ్డం పడుతుందని ఆయన భయం, వింటే ఎవరికైనా సబబే అనిపిస్తుంది. కానీ బోర్లా పడుకోవడం వల్ల నిద్రలో హఠాత్తుగా చనిపోయే ప్రమాదం పెరుగుతోంది. అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని ఎవరైనా కలిపి చూసి ఉంటే 1970కే ఆ సంగతి తెలిసేదని 2005లో వచ్చిన ఒక రివ్యూ తేల్చింది. వెల్లకిలా పడుకోబెట్టమనే ప్రచారం బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో గాని మొదలవలేదు. ముందే తెలిసి ఉంటే బ్రిటన్‌లో 10,000 మందికి పైగా, యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా ప్రాంతాలన్నీ కలిపితే కనీసం 50,000 మంది పసిపిల్లలు బతికేవాళ్లని ఆ రివ్యూ అంచనా. ఆయన పిల్లల మంచి కోరే రాశారు. తల్లులు పిల్లల మంచి కోరే పాటించారు.

నువ్వు అడిగింది సరైన ప్రశ్నే. అడిగిన తీరు మాత్రం ఈసారి మార్చుకో. ఒక్క పేపర్‌తో ఎప్పుడూ వెళ్లకు. ఒక్క పేపర్ తప్పు కావచ్చు. 1998లో లాన్సెట్‌లో 12 మంది పిల్లల మీద వచ్చిన పేపర్ టీకాకీ ఆటిజానికీ సంబంధం ఉందన్నట్టు భయపెట్టింది, 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది, ఆలోపు ఎంతోమంది తల్లిదండ్రులు టీకాలు మానేశారు. అందుకని ముందు రివ్యూ, మార్గదర్శకం ఉన్నాయేమో వెతుకు. మీ సిస్టర్ చేస్తున్నదానికి సమర్థన కూడా వెతుకు, దొరికితే అది కూడా తీసుకెళ్లు.

తర్వాత, అందరి ముందూ వద్దు. హ్యాండోవర్ అయ్యాక ఆమె ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లి, "తప్పు" అనే మాట లేకుండా, "సిస్టర్, ఇది చదివాను, మన వార్డులో ఇది కుదురుతుందా, మీరు చెప్పండి" అని అడుగు. అది మర్యాద కోసం నటించమని చెప్పడం కాదు. ఆ పద్ధతి మీ వార్డులో ఎక్కడ ఇరుక్కుంటుందో, ఏ డాక్టర్ ఒప్పుకోరో, ఏ సామాను సమయానికి రాదో నీకన్నా ఆమెకే బాగా తెలుసు, ఆ జవాబు నీకు నిజంగా కావాలి.

ఆమె వినకపోయినా లెక్క రాయడం నీ చేతిలో ఉంది. నువ్వు అడుగుతున్న విషయం మీద నీ షిఫ్టుల్లో నెల రోజులపాటు ఎన్నిసార్లు ఏం చేశారో, ఏం జరిగిందో పేషెంటు పేర్లు లేకుండా రాసిపెట్టు, దానికి ముందు మీ దగ్గర అనుమతి ఎవరిని అడగాలో కనుక్కో. నన్ను మార్చింది ఆ జూనియర్ తెచ్చిన కాగితం కాదు, మా వార్డులోనే ఎన్ని పుండ్లు పడ్డాయో ఆమె నెల తర్వాత చూపించిన అంకె. ఆ రోజు సాయంత్రం నేనే ఆమెని పిలిచి, మార్గదర్శకం మొత్తం పక్కన కూర్చుని చదివించుకున్నాను. నీ నెల లెక్క పూర్తయ్యాక నాకు మళ్లీ రాయి, దాన్ని ఎలా చూపించాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.